పొద్దున్నే డ్యూటీకి వెళ్లేవాళ్ల పెసరట్టు: మధ్యాహ్నం దాకా నిలబడేలా చేసుకోవడం ఎలా

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున్న ఆరున్నరకి నా కుర్చీలో నేను ఉండాలి, ఎందుకంటే ఫాస్టింగ్ షుగర్ టెస్టుకి వచ్చినవాళ్లు అప్పటికే బయట బెంచీల మీద కూర్చుని ఉంటారు. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి తిని, కాఫీ చుక్క కూడా ముట్టకుండా వచ్చినవాళ్లని ఆపి "ఇప్పుడే టిఫిన్ చేసి వస్తానండీ" అని లేచి వెళ్లలేను. పదకొండు దాటేదాకా నరం వెతకడం, సూది గుచ్చడం, ట్యూబు మీద పేరు రాయడం, మళ్లీ తర్వాతి మనిషి. ఇంటి దగ్గర ఏం తిని బయల్దేరానో అదే ఆ నాలుగున్నర గంటలకీ ఆధారం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక టీ, రెండు బిస్కెట్లతో వెళ్లిపోయేదాన్ని. ఒకరోజు పదింపావుకి ఒక పెద్దావిడ చెయ్యి చాపారు. నరాలు సన్నగా ఉన్నాయి, పట్టీ బిగించి వేలితో తడిమితే మోచేతి లోపల ఒకటి దొరికింది, సూది తీసి దగ్గరికి తెచ్చేసరికి దాని మొన సన్నగా వణుకుతోంది. నా చెయ్యే వణుకుతోంది. నుదుటి మీద చల్లటి చెమట. ఆవిడ తల పక్కకి తిప్పుకుని ఉన్నారు కాబట్టి చూడలేదు. సూది ట్రేలో పెట్టేసి, పక్క కౌంటర్‌లో అమ్మాయిని పిలిచి ఆవిడకి రక్తం తీయించాను. ఆ రోజు ఇంటికి వెళ్లగానే పెసలు నానబోశాను.

అప్పటినుంచి వారంలో నాలుగైదు రోజులు మా ఇంట్లో పెసరట్టే. రకరకాలు ప్రయత్నించాకే దీని దగ్గర ఆగాను. మాది రాజమండ్రి, ఇక్కడ పెసరట్టు ఎవరికీ కొత్త కాదు, కానీ హోటల్లో తినే పెసరట్టు వేరు, కష్టమైన పని ముందు పెట్టుకుని ఇంట్లో వేసుకునే పెసరట్టు వేరు. రెండోదాని గురించే రాస్తున్నాను.

ముందు పెసలే ఎందుకో చెప్తాను. బిస్కెట్లు, బ్రెడ్డు, పూరీ ఇవన్నీ దాదాపు పిండి పదార్థమే, తొందరగా అరిగి చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి, కాసేపు హుషారుగా ఉంటుంది, తర్వాత మళ్లీ ఆకలి. 100 గ్రాముల పెసల్లో 22, 23 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, పైన ఆకుపచ్చ పొట్టులో పీచు ఉంటుంది, ఈ రెండూ ఉన్న తిండి కడుపులోంచి నిదానంగా కిందికి దిగుతుంది, అందుకే శక్తి ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా అందుతుంది. ఇదేదో పెసరట్టులో ఉన్న మహిమ కాదు, గుడ్లతో అయినా, శనగలతో అయినా ఇదే జరుగుతుంది. మా దగ్గరికి షుగర్ పేషెంట్లు తిన్న రెండు గంటలకి మళ్లీ రక్తం ఇవ్వడానికి వస్తారు కదా, వాళ్లని "ఏం తిన్నారండీ" అని అడగడం నాకు అలవాటైపోయింది. ఎక్కువమంది చెప్పేది ఒకటే, నాలుగు ఇడ్లీ, చట్నీ. లేదా ఉప్మా. పప్పు ఊసు ఉండదు. ఇడ్లీలో మినప్పప్పు ఉంది కదా అంటారు, ఉంది, కానీ ఒక వంతు పప్పుకి రెండు వంతులు రవ్వ పోస్తాం. పెసరట్టులో ఆ లెక్క తిరగబడుతుంది, అంతా పప్పే, బియ్యం గుప్పెడు.

ఇక పని. మనిషికి 60 నుంచి 70 గ్రాముల పెసలు సరిపోతాయి, కొలత పెట్టుకోకపోతే సుమారుగా రెండు గుప్పిళ్లు అనుకోండి. దాంతో మధ్యరకం అట్లు రెండో మూడో వస్తాయి, ప్రొటీన్ 15 గ్రాముల దాకా అందుతుంది. ముగ్గురికి నానబోస్తుంటే అందులో ఒక గుప్పెడు బియ్యం వేయండి, అట్టు అంచులు కరకరలాడడానికి అదొక్కటే చాలు, ఇంకా ఎక్కువ వేస్తే దోసె అయిపోతుంది. పెసలు రెండు మూడు సార్లు నీళ్లు మార్చి కడిగి, గింజల మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లుండేలా పోసి రాత్రి తొమ్మిదింటికి నానబెట్టండి. పొద్దున్న ఐదింటికి ఎనిమిది గంటలవుతుంది, సరిగ్గా సరిపోతుంది. ఇంతకంటే ఎక్కువసేపు, ముఖ్యంగా ఎండాకాలంలో, నీళ్లల్లో వదిలేస్తే నురగ కట్టి ఒకలాంటి వాసన వస్తుంది, రుబ్బినా ఆ వాసన పోదు. ఎండాకాలం నేను పదిన్నరకి, పడుకునే ముందు పోస్తాను.

నానబెట్టడం మర్చిపోయారనుకోండి, దానికీ ఒక దారి ఉంది, పొట్టు పెసరపప్పు ఒక అరకిలో ఎప్పుడూ డబ్బాలో ఉంచుకోండి. అది బద్దలు కాబట్టి మూడు గంటల్లో నానిపోతుంది, రాత్రి ఏ రెండింటికో మెలకువ వచ్చి గుర్తొచ్చినా పని జరుగుతుంది. పొట్టు తీసిన పచ్చటి పప్పుతో కూడా అట్టు వస్తుంది కానీ పీచు పోయినట్టే, నేనైతే వాడను.

పొద్దున్న నానిన నీళ్లు పారబోసి, ఒకసారి జాడించి మిక్సీలో వేయండి. అంగుళం అల్లం ముక్క, రెండు పచ్చిమిరపకాయలు, అర చెంచా జీలకర్ర, ఉప్పు. నీళ్లు మాత్రం ఒక్కసారిగా పోయొద్దు. ముందు రెండు మూడు చెంచాలు పోసి ఒక తిప్పు తిప్పి, మూత తీసి అంచులకి అంటుకున్నది కిందికి తోసి, మళ్లీ కొంచెం పోసి తిప్పాలి. పెసర పిండి ముందే పలచనైపోతే దాన్ని వెనక్కి తేవడానికి బియ్యప్పిండి కలపాల్సి వస్తుంది, అప్పుడు మనం పప్పు ఎక్కువ ఉండాలని చేసిందంతా పోతుంది. వెన్నలా మెత్తగా అయ్యేదాకా కూడా రుబ్బొద్దు. రెండు వేళ్ల మధ్య రాసి చూస్తే సన్నటి రవ్వ తగలాలి, గరిటెతో పైకి తీస్తే ధారగా కాకుండా మందంగా జారాలి.

దీన్ని పులియబెట్టే పని లేదు, అదే నాలాంటివాళ్లకి వరం. రుబ్బిన ఐదు నిమిషాలకి పెనం మీద పోయొచ్చు. పొద్దున్నే మిక్సీ శబ్దం వద్దు, పిల్లలు లేస్తారు అనుకుంటే మధ్యాహ్నం నానబోసి రాత్రి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేయండి, ఉప్పు మాత్రం పొద్దున కలపండి, మా అత్తయ్య నేర్పిన పద్ధతి అది. రెండు రోజులు బాగానే ఉంటుంది. మా ఆయన లైన్‌మన్, ఏ రోజు మా ఫీడర్, అంటే మా వీధులకి వచ్చే కరెంటు లైను, పొద్దున్నే ఆపుతారో ముందే చెప్తారు, ఆ ముందు రాత్రి తప్పకుండా రుబ్బేస్తాను. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండి గట్టిపడి ఉంటుంది, మొహం కడుక్కునే ముందే తీసి బయట పెడితే మీరు తయారయ్యేలోగా చల్లదనం తగ్గుతుంది, అప్పుడు ఒక చెంచా నీళ్లు కలిపితే మళ్లీ దారికొస్తుంది. చల్లటి పిండిని అలాగే పోస్తే గరిటెకి చుట్టుకుని పెనం మీదనుంచి లేచి వచ్చేస్తుంది.

పెనం దగ్గర తొందరపడకండి. నాది ఇనప పెనం, బాగా వేడెక్కాక నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తాను, చుక్కలు చుయ్‌మని గెంతి అప్పటికప్పుడే ఆవిరైపోవాలి. సగానికి కోసిన ఉల్లిపాయని ఫోర్కుకో చాకు మొనకో గుచ్చి, నూనెలో అద్ది పెనమంతా రుద్ది, మంట తగ్గించి అప్పుడు పిండి పోయాలి. మంట పెద్దదిగా ఉంచి పోస్తే గరిటె తిప్పేలోపే మధ్యలో గడ్డ కట్టేస్తుంది. మధ్యలో గరిటెడు పిండి, గరిటె అడుగుని పిండికి ఆనీ ఆనకుండా ఉంచి, లోపలినుంచి బయటికి చుట్లు చుట్లుగా తిప్పుతూ వెళ్లడమే, నొక్కకూడదు. మధ్యలో ఎక్కడో చిరిగితే చిరిగిందని వదిలేయండి, దాని మీద మళ్లీ పిండి పోసి దిద్దబోతే అక్కడ పచ్చిగా ఉండిపోతుంది. ఇప్పుడు మంట పెంచి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలు చల్లి అట్లకాడతో మెల్లగా అదమండి, అంచుల చుట్టూ ఒక చెంచా నూనె. ఆకుపచ్చ రంగు పైన కొంచెం ముదురుగా మారి తడి ఆరిపోయి, అంచులు వాటంతట అవే పెనాన్ని వదిలి లేస్తాయి, అప్పుడు తిప్పండి. రెండో వైపు అర నిమిషం చాలు.

గుడ్డు తినేవాళ్లైతే అట్టు తడిగా ఉండగానే దాని మీద గుడ్డు కొట్టి పోసి గరిటె వెనకతో పరిచేయండి, ఇంకో 6 గ్రాముల ప్రొటీన్ అదనం. రోజంతా నిలబడే పనైతే నేను ఇది గట్టిగా చెప్తాను.

ఉప్మా పెసరట్టు సంగతి. అందరికీ ఇష్టమే, మాకూ ఇష్టమే, ఆదివారం చేసుకుంటాం. కానీ డ్యూటీ రోజు వద్దు. రవ్వ, అందులో నూనె, జీడిపప్పు, పైన అట్టు, ఇంత బరువు పడ్డాక తొమ్మిదింటికల్లా కళ్లు మూతలు పడతాయి. పని ముందు తినేది కడుపు నింపాలి కానీ మనిషిని కూలబడేయకూడదు. మూడో అట్టు తినాలా వద్దా అని ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి, దాన్ని డబ్బాలో పెట్టుకోండి.

పక్కన పచ్చడి. అల్లం పచ్చడి లేకుండా పెసరట్టు తినమని మా గోదావరి మనుషులకి చెప్పలేం, నేనూ చెప్పను. ఆదివారం ఒకసారి చేసి సీసాలో పెట్టుకుంటే రెండు వారాలు చూసుకోనక్కర్లేదు. 50 గ్రాముల అల్లం చెక్కు తీసి, కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్కలు చేసి నూనెలో వేయించాలి. అదే నూనెలో పది పన్నెండు ఎండుమిరపకాయలు, పావు చెంచా మెంతులు కూడా వేయించుకోండి. 50 గ్రాముల చింతపండు కాస్త వేడినీళ్లల్లో నానబెట్టి, ఇవన్నీ ఉప్పుతో కలిపి రుబ్బి, చివర్లో బెల్లం 80 నుంచి 100 గ్రాములు వేసి ఇంకొక్క తిప్పు తిప్పండి. ఆవాల పోపు పెట్టి చల్లారాక సీసాలోకి. తడి చెంచా పెట్టారంటే బూజు పడుతుంది, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఇందులో బెల్లం ఉంది కాబట్టి అట్టుకి ఒక చెంచా చాలు, షుగర్ ఉన్నవాళ్లు పల్లీ చట్నీ చేసుకోండి, దాంతో ఇంకొంచెం ప్రొటీన్ కూడా వస్తుంది.

కాఫీ, టీల గురించి నా మాట చాలామందికి నచ్చదు, అయినా చెప్తాను. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, తినడానికి గంట ముందు, తిన్న గంట తర్వాత టీ కాఫీలు తాగొద్దని ఉంది. వాటిలో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు. పెసల్లో ఐరన్ ఉంది, అట్టు తింటూ పక్కన టీ పెట్టుకుంటే అందులో కొంత వృథా. హిమోగ్లోబిన్ తక్కువ వచ్చిన రిపోర్టులు రోజూ నా చేతి మీదుగా వెళ్తాయి, ఎక్కువగా ఆడవాళ్లవి, అందుకే దీని గురించి ఊరుకోలేను. పూర్తిగా మానేయమనడం లేదు. లేవగానే నాలుగున్నరకి చిన్న కప్పు తాగేస్తాను, ఐదున్నర దాటాకే అట్టు తింటాను, మళ్లీ పదకొండింటికి ఇంకో కప్పు. అట్టుతో పాటు తినాలనుకుంటే ఒక జామకాయ తినండి, లేదా ఉల్లిపాయ ముక్కల మీద నిమ్మకాయ పిండుకోండి, సి విటమిన్ ఐరన్‌ని ఒంటికి పట్టించడానికి సాయం చేస్తుంది.

ఐదింటికి ఏదీ గొంతు దిగదు అనేవాళ్లు ఉంటారు, బలవంతం చేసుకోవద్దు. ఒక అట్టు ఇంట్లో తిని, ఇంకొకటి లోపల పల్లీ చట్నీ రాసి మడిచి, అరటాకు ముక్కలో చుట్టి డబ్బాలో పెట్టుకోండి. మెత్తబడుతుంది, కరకర పోతుంది, అయినా చల్లారిన పెసరట్టు చల్లారిన పూరీ కంటే నయం. వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత వేయొద్దు, ఆవిరికి చెమ్మ పట్టి ముద్దైపోతుంది, పళ్లెంలో ఐదు నిమిషాలు ఆరనిచ్చి పెట్టండి.

పని బట్టి లెక్క మారుతుంది. కూర్చుని చేసే పనికి రెండు అట్లు, ఒక గ్లాసు పల్చటి మజ్జిగ సరిపోతాయి. మా ఆయన ఎండలో స్తంభాలెక్కే మనిషి, ఆయనకి నాలుగు అట్లు, పైన ఒక అరటిపండు, పదింటికి తినడానికి డబ్బాలో పెరుగన్నం, సీసా నిండా ఉప్పు వేసిన మజ్జిగ. చెమట పట్టే పని చేసేవాళ్లకి పిండి పదార్థం కూడా కావాలి, అన్నం మానేసి పప్పు మాత్రమే తినాలనడం వాళ్ల విషయంలో తప్పు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పు ఎంత తినాలన్నది డాక్టర్‌ని అడిగే చేయండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు టిఫిన్ వేళ మార్చేముందు కూడా అంతే.

రోజూ పెసరట్టంటే విసుగొస్తుంది. నేను మధ్యలో అంబలి కాస్తాను. రాగుల్ని ఉత్తరాంధ్రలో చోళ్లంటారు, అక్కడ చోడంబలి, తెలంగాణలో జొన్నతో కూడా కాస్తారు, పిండి ఏదైనా పద్ధతి దగ్గర దగ్గరగా ఒకటే. రాత్రి మూడు చెంచాల రాగిపిండి ఒక గ్లాసు నీళ్లల్లో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టి ఉంచండి. పొద్దున్న ఇంకో గ్లాసు నీళ్లు మరిగించి, సన్న మంట మీద ఆ పిండిని ధారగా పోస్తూ కలుపుతూ ఉండాలి, చెయ్యి ఆపితే అడుగంటుతుంది. ఏడెనిమిది నిమిషాలకి రంగు ముదురుగా మారి, గరిటె తిప్పితే చారలు పడతాయి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు. వేడి మీద మజ్జిగ పోస్తే విరిగిపోతుంది. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది కానీ ప్రొటీన్ తక్కువ, పెసల్లో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా ఉండదు, అందుకని ఉత్త అంబలి తాగి వెళ్తే పదింటికి మళ్లీ ఆకలి. పక్కన ఉడకబెట్టిన గుడ్డో, నానబెట్టి ఉడికించిన పల్లీలు గుప్పెడో ఉండాలి. చద్దన్నం తినేవాళ్లకీ అదే మాట, పెరుగు ఎక్కువ వేసుకోండి, పక్కన గుడ్డో పప్పో పెట్టుకోండి, ఉల్లిపాయ పచ్చిమిరపకాయతో సరిపెట్టొద్దు.

నా బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న డబ్బాలో వేయించిన శనగలు ఉంటాయి. తొమ్మిదిన్నరకి జనం పలచబడ్డప్పుడు గ్లౌజులు తీసి, చేతులు కడుక్కుని, ల్యాబు బయటికి వచ్చి గుప్పెడు తిని నీళ్లు తాగుతాను. రెండు నిమిషాల పని. నీళ్లు తక్కువ తాగితే తలనొప్పి వస్తుంది, అది ఆకలనుకుని ఏదో ఒకటి కొనుక్కుని తినేస్తాం, కాబట్టి ముందు నీళ్లు.

మూడో రోజుకి మిగిలిన పిండి అట్టుకి పనికిరాదు, అంచులు పుల్లబడి పెనానికి అతుక్కుంటుంది. రెండో రోజు సాయంత్రమే దాంట్లో కరివేపాకు, ఉల్లిపాయలు, కాస్త బియ్యప్పిండి కలిపి పునుగులు వేసేస్తాను. మిక్సీ గిన్నె మాత్రం రుబ్బిన వెంటనే నీళ్లు పోసి పెట్టండి, పెసర పిండి ఎండిందంటే బ్లేడు కింద గట్టిగా పట్టేస్తుంది.